చివరి పేజీలో సారయ్య

ఫొటో ఒక్కటే మిగిలింది. అది పంపితే సాయంత్రం ఐదింటికి పుస్తకం ప్రెస్సుకు వెళ్తుంది.

"పదో తరగతి దోస్తులిద్దరు ఇప్పుడు పక్కపక్కన. చివరి పేజీల అదిరిపోతది సార్," అన్నాడు నా పబ్లిషర్ ఓంప్రకాశ్.

మట్టెవాడ నుంచి ఆటోలో కాశిబుగ్గలోని సారయ్య ఇంటికి వెళ్లాను. నలభై రెండు క్రైమ్ నవలలు రాశాను. నా గురించి నేను రాసుకున్నది ఈ ఒక్కటే. నవల అయిపోగానే హాయిగా నిద్రపోయేవాణ్ని. ఇది రాశాక ఎంత పడుకున్నా అలసట తీరలేదు.

సారయ్య జంపఖానా మగ్గం ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు.

"లెవ్వురా, ఫొటో దిగుదాం."

"చాడీలు చెప్పినోని పక్కన నీకేం ఫొటోరా, రాజం?"

అతని కూతురు సింధు ఒక ఆదివారం పత్రిక తెచ్చి నా ముందు పెట్టింది. పుస్తకంలో సారయ్య గురించి రాసిన చివరి భాగం అందులో ముందే అచ్చయింది. బడి ఎగ్గొట్టి మేమిద్దరం సినిమాకు పోయాం. మర్నాడు హెడ్మాస్టరు నన్నొక్కణ్నే పట్టుకుని కొట్టాడు. చెప్పింది సారయ్యేనని ఆఖరి వాక్యంలో తేలుతుంది. స్నేహం అక్కడ తెగిపోతుంది. ముగింపు అదిరిందని ఎన్ని ఫోన్లొచ్చాయో!

"మా కాలేజీల అందరు చదివిన్రు కాకా. బాపు నిజంగనే చెప్పిండా?"

నేను సారయ్య వైపు తిరిగాను. "మరి నన్నొక్కణ్నే ఎట్ల పట్టుకున్నడురా సారు?"

"నలభై నవలలు రాసినవట. గీ కేసు నీకు తెగలేదా?" మగ్గం మీదినుంచి చూపు ఎత్తలేదతను. "ఆట మొదలయ్యేదాక మా రంగుల కొట్టంల దాక్కుంటిమి. ఉట్టిగెందుకు కూసున్నరని మా నాయిన ఎర్ర రంగుల ముంచిన నూలు చిలపలు పిండమన్నడు. యాదికున్నదా?"

ఉంది. మర్నాడు ప్రార్థనలో చేతులు జోడిస్తే నా వేళ్లు ఎర్రగా మెరిసిపోయాయి. హెడ్మాస్టరు నా ముందే ఆగాడు. ముందురోజు బడికి రాకుండా ఎక్కడ తిరిగానో ఆ రంగే చెప్పేసింది.

"నీయి గూడ ఎర్రగనే ఉండె కదరా!"

"నాయి ఎన్నడు ఎర్రగ లెవ్వు? నేతోళ్ల పోరని చేతులు ఎవడు చూస్తడు?"

ఆ రోజు నేను సారయ్యను అనుమానించలేదు. ఆ అనుమానం ముప్పై ఐదేళ్ల తర్వాత, రాస్తుంటే వచ్చింది. ఏ కథకైనా నేను దోషిని ముందే ఖాయం చేసుకుని వెనక్కి రాసుకుంటూ వస్తాను. ఇక్కడా అదే చేశాను. కథలో ఉన్నది ఇద్దరం. ఒకణ్ని నేను.

"మరి మన దోస్తానా ఎందుకు పోయిందిరా?"

"నువ్వు హన్మకొండ కాలేజీకి పోయినవ్. రానని అన్లేదు. రాలేదు." సారయ్య పక్కనున్న ఖాళీ చోటు చూపించాడు. "గీ మగ్గం మీద ఇద్దరు కూసోవాలె. ఆదివారం వస్తవని రెండేండ్లు నీ జాగల ఎవర్ని కూసోనియ్యలే. గంతే. కొట్లాట గూడ లేదు."

ఓంప్రకాశ్‌కు ఫోన్ చేశాను.

"చివరి పేజీలు మారుస్తున్న."

"ఇప్పుడా! మరి చెప్పిందెవరు సార్?"

"ఎవ్వరు చెప్పలేదు."

"గట్లయితే అండ్ల ఏమున్నది? పాఠకులు తిడ్తరు."

"తిట్టనీ. లేకుంటే పుస్తకం ఆపెయ్."

సారయ్య పక్కన కూర్చుని అక్కడే రాశాను. రెండు పేజీలు ఆరు వాక్యాలయ్యాయి. మలుపు లేదు. రంగు చేతులున్నాయి, నేను రాని ఆదివారాలున్నాయి. సింధు పైకి చదువుతుంటే సారయ్య చేతిలోని పంజా, ఆ ఇనుప దువ్వెన, నూలును దిగ్గొడుతూనే ఉంది. చివరి వాక్యం దగ్గర పంజా ఆగింది.

"ఇంకోసారి చదువు బిడ్డా," అన్నాడు.

ఆమె చదివింది. అతను లేచి చొక్కా సర్దుకున్నాడు.

సింధు ఫోన్ ఎత్తింది. నేను అలవాటుగా చేతులు వెనక్కి కట్టుకున్నాను.

"ముందట పెట్టురా," అన్నాడు సారయ్య. "చూడనీ అందరిని."