ఎరుపు లేని మూత

"మళ్ళీ ఈ ఎరుపేంటమ్మా?" మేనేజర్ తక్, బ్యోల్ కుర్చీ వెనక నిలబడి, కంప్యూటర్ తెర మీద వేలుతో పొడిచాడు.

డబ్బాల కంపెనీలో డిజైనరైన ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అది కిమ్చీ పచ్చడి డబ్బా మూతకుండే సిలికాన్ రబ్బరు. సందు కన్నా కాస్త లావుగా గీస్తేనే మూత వేసినప్పుడు నలిగి, బిగిసి, రసం కారకుండా ఆపుతుంది. కంప్యూటరు మహాతల్లికి మెత్తదనమంటే ఏం తెలుసు? దాని లెక్కలో అన్నీ ఇనుమే. ఒకటి ఇంకోదాన్లోకి చొచ్చుకుపోతోందని గగ్గోలు పెట్టి, అక్కడంతా ఎర్రరంగు పూసేస్తుంది.

"అది రబ్బరు సార్. నలుగుతుంది. ఎన్నిసార్లు చెప్పను?"

"ఎరుపుంటే తప్పున్నట్టే. పైవాళ్ళు చూస్తే నా పరువేం కాను? సన్నగా గియ్యి."

"సన్నగా గీస్తే కారుతుంది. కారితే తిట్లు నాకు. బొమ్మ కింద పేరు నాదే కదా! ఎరుపు ఉండొచ్చని మీరో సంతకం పెట్టండి, చాలు."

"సంతకమా! నన్ను ఇరికిద్దామనా?"

చలికాలానికి కిమ్చీ పెట్టుకునే రోజులు దగ్గరపడ్డాయి. ఈ వారం అచ్చు చెక్కించకపోతే డబ్బా ఈ ఏడు బజారుకెక్కదు. ఒకసారి ఉక్కులో చెక్కాక మార్చడం ఎవరి తరమూ కాదు. విసిగి వేసారి, బ్యోల్ రబ్బరును నలిగాక ఉండే సన్న కొలతకే గీసి పారేసింది. ఎరుపు మాయమైంది.

"అదీ పనంటే!" అని మురిసిపోయాడు తక్. ఆ కొలతతో పోయించిన నమూనా రబ్బరు రాగానే నమూనా డబ్బా మూతకి తొడిగించాడు. ముందు నీళ్ళు పోసి చూడండి సార్ అని ఆమె మొత్తుకున్నా వినకుండా, అత్తగారింట్లో కిమ్చీ నింపించుకొస్తానని డబ్బా పట్టుకుపోయాడు.

సోమవారం ఆయన కారు గడ్డకట్టే చలిలో నాలుగు కిటికీలూ తెరుచుకుని నిలబడి ఉంది. కిమ్చీలోని వెల్లుల్లి, పులిసిన చేపల ఘాటు ఆయన కన్నా ముందే ఆఫీసులోకి వచ్చింది.

"వెనక సీటంతా ఎర్రటి రసం కారింది. కొత్త కారు! మా ఆవిడ ఎక్కనంటోంది."

"తెర మీద ఎరుపు వద్దన్నారుగా సార్. వెళ్ళి మీ సీటు మీద కూర్చుంది."

తక్ "లావుగానే గియ్యి" అని గొణిగాడు. బ్యోల్ పాత బొమ్మను కాగితం మీద ప్రింటు తీసిచ్చింది. ఎరుపు పక్కనే సంతకం పెట్టాడు. అమ్మయ్య అనుకుని ఆమె కాగితం తీసుకోబోతే ఆయన వదల్లేదు.

"మరి మూత బిగించే ఈ గొళ్ళెం దగ్గర ఎరుపు లేదేంటమ్మా? ఇక్కడా కాస్త పెట్టు. మళ్ళీ కారితే?"

"అది గట్టి ప్లాస్టిక్కు సార్!" అని బ్యోల్ తల పట్టుకుంది.