ఈ నొప్పి ఎవరిది?

పొద్దున్నే ఎర్లింగ్ మంచం మీంచి కాళ్లు కిందకి దించి, లేవకుండా కాసేపు అలాగే కూర్చుంటాడు. ముందు ఒళ్లంతా ఒకసారి తడిమి చూసుకోవాలి. వంటింట్లో అతని భార్య కెట్టి కాఫీ దించి, ఒక పాత కవరూ పెన్సిలూ దగ్గర పెట్టుకుని, "ఊఁ, చెప్పు" అని కేకేస్తుంది.

"ఎడమ మోకాలు. నిన్నటికంటే ఎక్కువైంది. గ్రేతె గారి పెద్ద ట్రాక్టరు, ముందు చక్రం బేరింగు."

"రాశాను. ఇంకా?"

"వెన్ను కింద సన్నగా మంట. నూనె కారుతోంది ఎక్కడో. పొట్ట బానే ఉంది. కుడి మోచేయి..."

"వెర్నర్ గడ్డికట్టల మిషను. అది పదకొండేళ్ల నుంచీ ఉన్నదేగా, రాయక్కర్లేదులే. లేచి రా, కాఫీ చల్లారిపోతోంది."

డెన్మార్క్‌లో యూట్లాండ్ పడమటి కొసన, సముద్రపు గాలికి చెట్లన్నీ ఒక పక్కకే ఒరిగి పెరిగే చోట, వెస్టర్‌లుండ్ అని ఒక చిన్న ఊరు. ఆ ఊళ్లో ముప్పై ఒక్కేళ్లుగా ట్రాక్టర్లూ, నాగళ్లూ, కోత మిషన్లూ అమ్ముతున్నాడు ఎర్లింగ్ నోర్స్కోవ్. బేరం కుదిరి, కొన్నవాడి చేతిలో చెయ్యి వేసిన దగ్గర్నుంచీ ఆ మిషను జబ్బు ఎర్లింగ్ ఒంట్లో తెలుస్తుంది. మిషను నడుస్తున్నంతసేపూ నొప్పి, ఆపేస్తే పోతుంది. ఊళ్లో దీన్నెవరూ వింతగా చెప్పుకోరు. బేకరీ ఆవిడ చేతి రొట్టె బాగుంటుంది, చర్చి గంట రెండు నిమిషాలు ముందు కొడుతుంది, ఎర్లింగ్‌కి మిషన్ల నొప్పులు తెలుస్తాయి. అంతే.

పైగా అందరికీ అది సుఖంగా ఉంది. వెర్నర్ అయితే మరీను. ఇద్దరూ ఒకే బళ్లో చదువుకున్నవాళ్లు. వెర్నర్ పెళ్లి చేసుకోలేదు, మిషన్లకి గ్రీజు పెట్టడు.

"ఒరేయ్, నెలకోసారైనా ఆ మిషనుకి గ్రీజు పట్టించరా. చెయ్యి ఎత్తలేకపోతున్నాను" అంటాడు ఎర్లింగ్.

"నువ్వున్నావుగా చెప్పడానికి! అరిగిపోయే ముందు ఎలాగూ ఫోను చేస్తావు" అని నవ్వుతాడు వాడు, కొట్లో కౌంటరు మీది కాఫీ తనే పోసుకుంటూ.

ఎర్లింగ్‌కి అరవై రెండేళ్లు. అలసిపోయాడు. మొదట్లో అన్నీ చిన్న మిషన్లు, నొప్పులూ చిన్నవే. చీల వదులైతే పంటి జివ్వు, క్లచ్ పళ్లెం అరిగితే అరికాలి మంట. ఏదో ఊరందరితో కలిసి బతుకుతున్నట్టుండేది. ఇప్పుడు చిన్న కమతాలన్నీ పోయి, నలుగురి పొలం ఒకడి చేతికొచ్చింది. మిషన్లు ఇంటి ఎత్తున పెరిగాయి. నొప్పులూ అలాగే పెరిగాయి. వాటిలో కంప్యూటర్లు వచ్చాక ఇంకా కష్టం. అవి చెడితే తలంతా ఒకటే మొద్దు పోటు, ఎక్కడుందో ఏం జరిగిందో ఒక్క ముక్క అర్థం కాదు. ఒక చలికాలం కెట్టి బలవంతం మీద స్పెయిన్ దీవులకి వెళ్లారు. దూరం వెళ్తే తగ్గుతుందేమోనని ఆవిడ ఆశ. మూడో రోజే పొలాలకి పేడనీళ్లు తోలడం మొదలై, సముద్రం ఒడ్డున కుర్చీలో నడుం పట్టేసి, ఇద్దరు వెయిటర్లు మోసుకెళ్లి గదిలో పడుకోబెట్టారు.

డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేసి ఆరేళ్లైంది. వెళ్తే ఆయన అడిగే మొదటి మాట, "ఎవరిదో కనుక్కున్నావా?" అది తప్పు మాటేం కాదు. పదిసార్లు వెళ్తే పదిసార్లూ ఎవరిదో ఒకరిదే అయ్యేది.

ఆ ఏడు వేసవంతా వాన. బార్లీ పండి, కంకులు వంగి, కోతకి పొడి రోజు దొరక్క రైతులు ఆకాశం చూస్తూ కూర్చున్నారు. ఆగస్టు మూడో వారంలో నాలుగు రోజులు ఎండ కాసింది. నాలుగో రోజు సాయంత్రం నాలుగింటికి మళ్లీ వాన అని రేడియో చెప్పింది. ఇక చూసుకోండి, ఊరి చుట్టూ ఎటు చూసినా దుమ్ము లేస్తోంది. ప్రతి కోత మిషనూ పొలంలోనే ఉంది. తిండి కూడా మిషను మీదే తింటున్నారు.

ఆ నాలుగో రోజు మధ్యాహ్నం ఒంటి గంటకి ఎర్లింగ్ కౌంటరు దగ్గర నిలబడి, బెల్టుల పెట్టె దించుతున్నాడు. రొమ్ము మధ్యలో ఎవరో మోకాలితో అదిమినట్టైంది. అది మెల్లగా ఎడమ భుజంలోకి పాకి, దవడ దాకా వచ్చింది.

"పెద్దదే" అన్నాడు పెట్టె కింద పెడుతూ.

"ఎవరిది?" అంది కెట్టి, బిల్లులోంచి తలెత్తకుండానే.

"కోత మిషనుది. మెయిన్ షాఫ్టు అయ్యుంటుంది."

ఫోను అందుకున్నాడు. మొదట వెర్నర్‌కే చేశాడు.

"ఒరేయ్, నీ మిషను ఎలా ఉంది?"

"పాట పాడుతోందిరా! పదకొండు హెక్టార్ల బార్లీ కొయ్యకుండా నిలబడి ఉంది ఇంకా, ఫోను పెట్టెయ్."

ఇంకో రైతు అక్సెల్‌కి చేశాడు. బాగానే ఉందన్నాడు. చెరువు పక్క అన్నదమ్ములకి చేశాడు. వాళ్లవీ బాగానే ఉన్నాయి. ఆరో ఫోనుకి అతని చొక్కా వీపు మీద తడిసి అంటుకుపోయింది. కెట్టి అప్పుడు తలెత్తి చూసింది. మొహం పాలిపోయి, సున్నం కొట్టిన గోడలా ఉంది.

"డాక్టరు దగ్గరికి పద."

"ఎవరిదో తెలియకుండా ఎలా?"

"ఎవరిదైతే ఏం? నిన్ను చూస్తుంటే నాకు భయమేస్తోంది."

"షాఫ్టు విరిగితే, కెట్టి? ఇంత వేగం మీద..." మాట పూర్తి చెయ్యలేక కౌంటరు అంచు పట్టుకున్నాడు.

ఏం చెప్పబోయాడో ఆవిడకి తెలుసు. తొమ్మిదేళ్ల కిందట ఒకసారి భుజం పీకుతుంటే కొత్త పరుపు పడలేదేమో అనుకుని ఊరుకున్నాడు. ఆ మధ్యాహ్నం అక్సెల్ మిషనులో కడ్డీ విరిగి, రెండు వేళ్లు తెగిపోయాయి. అక్సెల్ అతన్ని తప్పు పట్టలేదు. ఇప్పటికీ శుక్రవారం శుక్రవారం కొట్టుకొచ్చి, ఉన్న మూడు వేళ్లతో కప్పు పట్టుకుని కాఫీ తాగి వెళ్తాడు. ఆ కప్పు వైపు ఎర్లింగ్ ఎప్పుడూ చూడడు.

ఇతను కదలడని కెట్టికి అర్థమైంది. ఫోను లాక్కుని గ్రేతెకి చేసింది. గ్రేతెకి డెబ్బై దాటాయి, ఆ చుట్టుపక్కల అందరికంటే పెద్ద పొలం ఆవిడది, మిషను తనే తోలుతుంది.

"గ్రేతె గారూ, ఒక్కసారి మీ కోత మిషనూ, పెద్ద ట్రాక్టరూ ఆపించండి."

"ఇప్పుడా? ఆకాశం చూశావా అమ్మాయ్?"

"ఎర్లింగ్‌కి గుండెల్లో నొప్పి. ఎవరి మిషనుదో తెలియట్లేదు."

అవతల ఇంజన్లు రెండూ ఆగిన చప్పుడు వినిపించింది. కెట్టి మొగుడి వైపు చూసింది. అతను మోకాలు తేలికైందని చెప్పి, రొమ్ము చూపించి అడ్డంగా తలూపాడు.

"మీది కాదు" అంది కెట్టి. "ఒక్కొక్కరినీ అడుగుతూ కూర్చుంటే..."

"క్రిస్మస్ దాకా అడుగుతావు. నువ్వు పెట్టెయ్. అందరికీ నేను చెప్తాను."

కోతల కాలంలో రైతులందరికీ ఫోనులో ఒక గుంపు ఉంటుంది. ఎవరి బండి ఎక్కడుందీ, ఎవరి గింజ ఎంత తడీ అందులో చెప్పుకుంటారు. గ్రేతె అందులో రాసింది మూడే ముక్కలు: "ఎర్లింగ్‌కి బాగాలేదు. అన్నీ ఆపండి. దాణా మిషన్లతో సహా."

కెట్టి కుర్చీ తెచ్చి కొట్టు వాకిట్లో వేసి అతన్ని కూర్చోబెట్టింది. అక్కణ్నుంచి నాలుగు వైపులా పొలాలు కనిపిస్తాయి. ముందు ఉత్తరం వైపు రొద పలచబడింది. అన్నదమ్ముల మిషన్లు రెండూ ఆగాయి. తర్వాత చర్చి వెనకాల ఒకటి. దుమ్ము మెల్లగా కిందికి దిగి, మిషన్లు ఎక్కడివక్కడ ఎర్రగా, ఆకుపచ్చగా నిలబడి కనిపించాయి. ఒక్కొక్కటే ఆగుతుంటే, ఎర్లింగ్ ఒంట్లోంచి నొప్పులు ఒక్కొక్కటే వదిలిపోయాయి. నడుం వదిలింది. వెన్ను కింద మంట పోయింది. చెవిలో ఎప్పుడూ ఉండే కీచు శబ్దం పోయింది. చీలమండ, మెడ, పంటి కింద సలుపు, వేలి కణుపులు. అన్నిటికంటే చివర కుడి మోచేయి.

ముప్పై ఒక్కేళ్లలో అన్నీ ఒకేసారి ఆగడం అదే మొదలు. పండగ రోజైనా ఎక్కడో ఆవులకి దాణా కలుపుతూ ఒక మిషను నడుస్తూనే ఉండేది. ఇప్పుడు ఏమీ లేదు. బార్లీ మీద గాలి వినిపిస్తోంది. ఎక్కడో పైన ఒక పిట్ట కూస్తోంది. తన చేతులు ఇంత తేలికగా ఉంటాయని ఎర్లింగ్‌కి గుర్తు లేదు. కళ్లు మూసుకున్నాడు. అంత హాయిలోనూ రొమ్ము మధ్య పిడికెడంత నొప్పి, ఎక్కడికీ పోకుండా, అలాగే కూర్చుని ఉంది.

"కెట్టి," అన్నాడు, కాస్త ఆశ్చర్యంగా. "ఇది నాది."

అంబులెన్సు పన్నెండు నిమిషాల్లో వచ్చింది. అందులో వచ్చినావిడ అతని ఛాతీకి తీగలు అంటిస్తూ అడిగింది. "నొప్పి ఎలా ఉంది? ఎటు పాకుతోంది? తగ్గుతోందా, పెరుగుతోందా? నేను మళ్లీ మళ్లీ అడుగుతాను, సరిగ్గా చెప్పాలి. మందు దాన్ని బట్టే."

కెట్టి ఆ మాట విని, బండి ఎక్కుతూనే గ్రేతెకి మళ్లీ ఫోను చేసింది.

"అతని సొంతదే. ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు. గ్రేతె గారూ... ఇంకా స్టార్ట్ చెయ్యకండి. అన్నీ మొదలైతే ఏ నొప్పి ఎవరిదో అతను చెప్పలేడు."

"ఎంతసేపు?"

"తెలియదు. దారే గంట."

గ్రేతె తలెత్తి ఆకాశం చూసింది. పడమట అప్పటికే మబ్బు లేచింది.

"సరేనమ్మా. నువ్వు ఫోను చేసేదాకా" అంది.

దారిలో ఎర్లింగ్ తల తిప్పి కిటికీలోంచి చూశాడు. రోడ్డుకి అటూ ఇటూ సగం కోసిన పొలాల్లో మిషన్లు ఆగి ఉన్నాయి. మనుషులు దిగి, వాటి పక్కన నిలబడి ఉన్నారు. ఎవరూ చెయ్యి ఊపలేదు. కెట్టి ఫోను మోగింది. వెర్నర్.

"వాడికి చెప్పు! చచ్చాడంటే చంపేస్తానని చెప్పు వెధవకి! పదకొండు హెక్టార్లు..." అక్కడితో ఆపి, ఫోను పెట్టేశాడు.

"ఏమంటాడు?" అన్నాడు ఎర్లింగ్.

"ఏముంది, వాడి తిట్లు వాడు తిట్టాడు" అని కెట్టి అతని చెయ్యి పట్టుకుంది.

అంబులెన్సావిడ అడిగిన ప్రతిసారీ ఎర్లింగ్ సరిగ్గా చెప్పాడు. ఇప్పుడు భుజంలోకి, ఇప్పుడు దవడలోకి, ఇప్పుడు కొంచెం తక్కువ. ఒంట్లో వేరే ఏదీ లేదు కనక చెప్పగలిగాడు. ఆసుపత్రిలో తిన్నగా లోపలికి తీసుకెళ్లి, మూసుకుపోయిన గుండె నాళం తెరిచి, సన్నని గొట్టం పెట్టారు. ఇంకో గంట ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదు అంది డాక్టరమ్మ. వరండాలో కెట్టి గ్రేతెకి ఫోను చేసేటప్పటికి నాలుగుంపావు. కిటికీ అద్దం మీద వాన జోరుగా కొడుతోంది. అవతల గ్రేతె వెనకాల కూడా అదే చప్పుడు.

వాన రెండు రోజులు కురిసింది. మూడో రోజు మధ్యాహ్నం వెర్నర్, గ్రేతె ఇద్దరూ చూడ్డానికి వచ్చారు. వెర్నర్ పెళ్లిళ్లకి వేసుకునే కోటు వేసుకున్నాడు. గ్రేతె ఒక సంచి నిండా రేగుపళ్లంత ప్లమ్ పళ్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇద్దరూ మంచం పక్కన కూర్చుని, ఆసుపత్రి కాఫీ ఎంత నీళ్లగా ఉందో చాలాసేపు చెప్పుకున్నారు.

"బార్లీ ఏమైంది?" అన్నాడు ఎర్లింగ్.

"ఏమవుతుంది? వాన పడేలోపే ఇంటికి చేరింది" అన్నాడు వెర్నర్, పండు తుడుస్తూ. "ఆ మబ్బు సగం సముద్రం మీదకే పోయింది. చుక్క తడవలేదు."

"అందరిదీనా?"

"అందరిదీనూ. పొడిగా, గలగలా ఉంది గింజ" అంది గ్రేతె, కిటికీ వైపు చూస్తూ. "నువ్వు అవన్నీ మనసులో పెట్టుకోకు."

ఎర్లింగ్ తలూపాడు. పొద్దున తొమ్మిది నుంచీ అతని గొంతులో ఏదో తడిగా, బరువుగా చుట్టుకుంటోంది. ముందు ఒక పోగు. తర్వాత ఇంకొకటి. నానిపోయి నేలకొరిగిన బార్లీ గడ్డి, కోత మిషను నూర్పిడి డ్రమ్ముకి చుట్టుకుని, బిగుసుకుని, మిషను ఆగి, మళ్లీ కదిలి. ఒక చోట కాదు. చర్చి వెనకాల ఒకటి, ఉత్తరాన రెండు, గ్రేతె పొలంలో ఆవిడ పాలేరు తోలుతున్నది ఒకటి. అన్నిటికంటే అడ్డంగా పట్టేసినది పదకొండు హెక్టార్ల మూలన ఉంది. దాన్ని వెర్నర్ ఎవరికో తోలమని ఇచ్చి వచ్చాడన్నమాట.

దగ్గు వచ్చింది. ఆపుకోబోయాడు, ఆగలేదు. వెర్నర్ చేతిలో పండు అలాగే ఉండిపోయింది. గ్రేతె అతని మొహంలోకి చూసింది.

"ఏంట్రా?" అన్నాడు వెర్నర్ మెల్లగా. "ఎవరిది?"

ఎర్లింగ్ ఆ ఇద్దరినీ చూశాడు. వెర్నర్ గోళ్ల కింద ఇంకా బురద ఉంది.

"ఎవరిదీ కాదు," అన్నాడు. "గొంతు ఎండిపోయింది. కెట్టి, కాసిని మంచినీళ్లు ఇలా ఇవ్వు."