గవ్వకు పదకొండు పళ్లు

నేను ఒక గ్రాఫు కాగితాన్ని. నా మీది గంజి మరకను సత్యవేణి తడిగుడ్డతో అద్దుతోంది. మగ్గం గుంటలో కూర్చునే ముందు రోజూ ఇదే పని. మరక పోదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

పిఠాపురం కొట్లో ఒక కట్టలో ఉండేదాన్ని. ఉప్పాడ వచ్చాక సత్యవేణి నా గళ్లలో గవ్వను గీసింది. తీరాన ఏరుకొచ్చిన గవ్వను ఎదురుగా పెట్టుకుని, ఒక్కొక్క గడీ ఎర్ర పెన్సిలుతో నింపుతూ పదహారు రోజులు కూర్చుంది. అదే జాందానీ చీరల మీద బుటా అయింది. నేను మగ్గం మీది పడుగు పోగుల కింద పడుకుంటాను. పోగుల సందులోంచి నన్ను చూస్తూ ఆమె నేస్తుంది.

"కింద నీ పేరు రాయవే అక్కా," అంది ఒకసారి చెల్లెలు హేమ.

"రాస్తే చీర రెండు మూరలు పొడుగొత్తదేంటే?" అని నవ్వింది సత్యవేణి. నేసేవాళ్లు పేరు రాసుకోవడం ఆ ఇంట్లో లేదు.

హేమ లా చదివింది. ఇప్పుడు మేధో సంపత్తి చట్టంలో ఎల్‌ఎల్‌ఎమ్‌ సీటుకు దరఖాస్తు పెట్టింది. పేరు లేని పనివాళ్ల హక్కులు కాపాడటానికే ఈ చదువు చదువుతానని వ్యాసం రాసింది. దానికి జతగా నన్ను జిరాక్సు తీయించింది.

అప్పటినుంచి నాకు మనశ్శాంతి లేదు. ఆ నకలు దర్జా చూడాలి! మెరిసే ఫైలు, తెల్లటి ఒళ్లు, మరక జాడే లేదు. గవ్వ నాది, గళ్లు నావి. కింద మాత్రం అచ్చులో 'రూపకల్పన: హేమ' అని ఉంది. నాకు లేని పేరు దానికెందుకు? ఒక్కపూట గంజి వాసన పీల్చిందా అది? అక్క చీరను ఎవరు మెచ్చుకున్నా హేమ ముఖం చిన్నబోయేది. అప్పట్లో నాకు అర్థమయ్యేది కాదు. ఇప్పుడు బాగా అర్థమవుతోంది.

ఈ రోజు ఫోనులో ఇంటర్వ్యూ. హేమ ఫోను స్పీకరులో పెట్టి, మంచం మీద ఫైలు తెరిచి కూర్చుంది. సత్యవేణి నేస్తోంది.

"గవ్వ చాలా బాగుందమ్మా," అంది ఫోనులోని మేడమ్. "గవ్వ నోటికి ఒకవైపు పన్నెండు పళ్లు, రెండోవైపు పదకొండే. ఎందుకలా గీశారు?"

హేమ నకలు వైపు చూసింది. దానికేం తెలుసు! నా సంతోషం ఇంతా అంతా కాదు.

మగ్గం ఆగింది. "గంజి గిన్నె దించుతుంటే కాగితం మీద ఒలికిందండి," అంది సత్యవేణి గుంటలోంచే. "పన్నెండో పన్ను గియ్యాల్సిన చోటే. ఆరాక చూస్తే గవ్వకి అలాగే బాగుందనిపించి వదిలేశానండి."

"ఎవరమ్మా ఆవిడ?"

హేమ ఫోనును దగ్గరికి లాక్కుంది.

"మా అక్కండి. నాకు సాయం చేస్తూ ఉంటుంది."

"అలాగా," అంది మేడమ్. ఇంకేమీ అడగలేదు. ఫోను పెట్టేసింది.

సత్యవేణి పడుగు కిందినుంచి నన్ను లాగింది. హేమ ఒళ్లో ఉన్న ఫైలులో, నకలు మీద పెట్టింది. గవ్వ మీద గవ్వ సరిగ్గా కూర్చుంది. ఇన్నాళ్లూ నేను ఏడ్చింది ఈ ఫైలు కోసమే. మరకను కప్పెయ్యడానికి హేమ బొటనవేలు నా మీదికి వచ్చింది.

సత్యవేణి తడిగుడ్డ పిండి దండెం మీద ఆరేసింది. చెప్పులు వేసుకుని గడప దాటి వెళ్లిపోయింది.