తలాపుకి తెచ్చిన తలుపు

రోజూ భోజనం కాగానే డ్రైవరు ఒంటిమంచం మీద నడుం వాల్చేవాడు. వాల్చడమే ఆలస్యం, అతని తలలోంచి తలపులు ఒక్కొక్కటే లేచి బయటికి వచ్చేవి. ముందు సీటు కోసం పోట్లాడే లావుపాటావిడ, దిగాల్సిన స్టాపు దాటిపోయిందని గొణిగే పెద్దాయన, చిన్నప్పుడు చెవి మెలిపెట్టిన లెక్కల మాస్టారు, ఇలా ఓ బస్సుకు సరిపడా జనం. బయటికి వచ్చినవాళ్ళు ముందుకు పోవాలి కదా. తలాపున చూస్తే గోడ. గోడకు తల కొట్టుకుని, వెనక్కి తిరిగి, మళ్ళీ అతని తలలోనే దూరేవాళ్ళు. ఆ దెబ్బలకు గోడ సున్నం పెచ్చులు పెచ్చులుగా దిండు మీద రాలేది. భార్య "కాస్త జరగండి" అంటూ వాళ్ళ మధ్యలోంచే చీపురు పట్టేది.

అందరికంటే చివర ఒక చిన్నపిల్ల పరుగెత్తుకొచ్చేది. భుజాన ఎర్ర సంచి, ఒక కాలికి చెప్పు లేదు. ఆ పిల్ల నిజంగానే ఒకరోజు అతని బస్సుకు అడ్డంగా పరుగెత్తింది. అతను బ్రేకు తొక్కాడు, తొక్కుతూనే కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. తెరిచేసరికి ఎదురుగా ఎవరూ లేరు. పిల్లకు గీత కూడా పడలేదని అందరూ చెప్పారు. వాళ్ళమ్మ ఇంటికొచ్చి, అతని చేతులు పట్టుకుని ఏడ్చి వెళ్ళింది. కానీ అతను కళ్ళారా చూసింది రోడ్డు మధ్యలో ఉన్న పిల్లనే. మనసుకు నచ్చజెప్పడం ఎవరి తరం? ఆ రోజు నుంచి అతనికి కంటిమీద కునుకు లేదు.

డిపో డాక్టరు అతని కనురెప్పలు కిందికి లాగి చూసి, సోమవారం మళ్ళీ రమ్మన్నాడు. అప్పటికీ నిద్ర పట్టకపోతే స్టీరింగు ఇవ్వరట, గేటు దగ్గర కుర్చీ వేస్తారట. మీసాలు రాకముందు నుంచీ బస్సు తప్ప మరోటి ఎరగని మనిషి. గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయే బస్సులకు చెయ్యి ఊపడం కంటే, అని ఏదో అనబోయాడు. భార్య ఆ మాట పూర్తి చెయ్యనివ్వలేదు.

నిద్ర తెప్పించడం ఆమె చేతిలో లేదు. ఆ కొట్టుకునే తలలకు కాస్త మెత్తగా ఉంటే చప్పుడైనా తగ్గుతుందని ఆమె ఆశ. షాపులో మంచం తలవైపు బిగించే, మెత్త కుట్టిన తలాపుల ధర వింటేనే గుండె గుభేలుమంది. ఇంట్లోనే చేద్దామనుకుని, బయట ఉన్న మొగుడికి ఫోన్ చేసి తలాపు చెక్క ఒకటి తెమ్మంది. నిద్రలేని చెవులు కదా, అతనికి తలుపు చెక్క అని వినబడింది. పడగొట్టిన ఇళ్ళ సామాను అమ్మే చోట పాత తలుపొకటి బేరమాడి, తోపుడుబండి మీద వేయించుకుని వచ్చాడు.

అతని తల్లి గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"తలాపు అడిగితే తలుపు తెచ్చాడు. ఇంకా నయం, తలకాయ అడగలేదు."

భార్య మాత్రం తలుపు వెడల్పును జానలతో కొలిచింది. ఒంటిమంచానికి కొలిచి చేయించినట్టు సరిపోయింది. చెక్క చెక్కే కదా అంది.

డిపోలో సీట్లు కుట్టే అతను చిరిగిన సీట్లలోంచి తీసిన స్పాంజి ఇచ్చాడు, పిన్నులు కొట్టే గన్ను కూడా అరువిచ్చాడు. స్పాంజిని బంకతో తలుపుకి అంటించి, దాని మీద పాత పరుపులోని దూది పరిచి, ఆ పైన ఉతికి ఇస్త్రీ చేసిన కర్టెన్ గుడ్డ కప్పారు. మూలల దగ్గర మొదలుపెడితే ముడతలు తప్పవని సీట్లతను ముందే చెప్పాడు. అందుకని నాలుగు పక్కలా ముందు మధ్యలో పిన్ను కొట్టి, అక్కణ్ణుంచి మూలల వైపు జరిగారు. డ్రైవరు గుడ్డ లాగి పట్టుకుంటే ఆమె కొట్టింది. మూలలను పుస్తకానికి అట్ట వేసినట్టు మడిచింది. గోడకు బిగించడానికి వేరే పట్టీలు కొనడం దండగని, తలుపుకున్న పాత బందులనే గోడకు మేకులతో దిగ్గొట్టింది. బందులున్న తలుపు తెరుచుకుంటుందన్న సంగతి ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. తట్టినా, వెనక ఉన్నది ఇటుక గోడ, దాని అవతల పక్కింటివాళ్ళ వంటగది.

ఆదివారం మధ్యాహ్నం అతను కొత్త తలాపు కింద తల పెట్టి పడుకున్నాడు. తలపులు లేచాయి. లావుపాటావిడ అలవాటు ప్రకారం వెళ్ళి మెత్త మీద తల ఆనించింది. చప్పుడు కాలేదు. తలుపు మెల్లగా గోడలోకి తెరుచుకుంది.

చల్లగాలి వచ్చింది, తడిసిన రోడ్డు వాసన వచ్చింది. అవతల పక్కింటి వంటగది లేదు. విశాలమైన వీధి, దానికి ఇరుపక్కలా కాలిబాట, వాన వెలిసిన వెలుతురు. ఆ వెలుతురు గదిలోకి వచ్చి మంచం మీద, నేల మీద పరుచుకుంది. భార్య చేతిలోని గన్ను అలాగే ఉండిపోయింది. లావుపాటావిడ దిగింది. పెద్దాయన దిగాడు. లెక్కల మాస్టారు పంచె ఎత్తి పట్టుకుని దిగాడు. ఆఖరి స్టాపులో జనం దిగినట్టే అందరూ దిగిపోతున్నారు.

"తోసుకోకండి, కింద మెట్టుంది," అని అత్తగారు వాళ్ళకు దారి చూపించింది.

అప్పుడు పిల్ల వచ్చింది. డ్రైవరుకు ఆ పరుగు తెలుసు. కళ్ళు బిగించి మూసుకున్నాడు.

"ఏమండీ, కళ్ళు తెరవండి. ఇటు తిరగండి."

"నావల్ల కాదు."

"నేను చూస్తే లాభం లేదండీ. మీరే చూడాలి."

అతను బోర్లా తిరిగాడు. దిండు మీద గడ్డం ఆనించి కళ్ళు తెరిచాడు. చెప్పులేని చిన్న పాదం అతని చెంప పక్కనే దిండును నొక్కి, గడప దాటింది. పిల్ల వీధికి అడ్డంగా పరుగెత్తింది. సగం దాకా వెళ్ళింది. సగం దాటింది. అవతలి కాలిబాట ఎక్కి, సంచి భుజం మీదికి ఎగదోసుకుని, అక్కడ నిలబడ్డ తల్లి వేలు పట్టుకుంది. ఇద్దరూ మలుపు తిరిగేదాకా అతను రెప్ప వెయ్యలేదు.

"దాటింది," అన్నాడు.

ఆ మాటతోనే తల దిండులోకి ఒరిగిపోయింది. తల్లి కొడుకు వీపు మీద చెయ్యి వేసి, గురక విని, కళ్ళు తుడుచుకుంది. సోమవారం పొద్దున లేపేదాకా అతను పక్కకైనా పొర్లలేదు.

స్టీరింగు అతని చేతికే తిరిగొచ్చింది. ఇప్పటికీ రోడ్డు మీద ఎవరైనా అడ్డం వస్తే బస్సు ఆపుతాడు. వాళ్ళు అవతలి కాలిబాట ఎక్కేదాకా కళ్ళారా చూసి, అప్పుడు గేరు వేస్తాడు. వెనకవాళ్ళు హారన్లు మోగిస్తారు. మోగించనీ అంటాడు.