మీ నాన్న పడవొచ్చింది

పొద్దున్నే దరియాలతిప్ప రేవులో పడవలు ఆగగానే లూయిస్ చేపల బుట్టలు మోసుకొచ్చి, పెరట్లో స్టూలు చుట్టూ పేర్చేవాడు. అతని తల్లి తెరేసా టీ తాగిన గ్లాసు కడిగి బోర్లించి, కొంగుతో మూతి తుడుచుకుని కోడల్ని పిలిచేది. ఫిలోమినా పొయ్యి కట్టేసి వచ్చి స్టూలు మీద కూర్చునేది. అప్పుడు తెరేసా లైటు స్విచ్ వేసినంత తేలిగ్గా ఆ మాట అనేది.

"మీ నాన్న పడవొచ్చిందే."

ఫిలోమినా బిగుసుకుపోయేది. రెప్ప పడేది కాదు. పిలిస్తే పలికేది కాదు, గిల్లినా కదిలేది కాదు. లూయిస్ ఆమె కుడిచెయ్యి పైకెత్తి వదిలేస్తే అది అలాగే గాల్లో నిలబడిపోయేది. దానికి గోనెపట్టా తగిలిస్తే బుట్టలకి నీడ. ఆమె అలా ఉన్నంతసేపూ చుట్టూ ఉన్న చేప చెడేది కాదు. మొప్పలు ఎర్రగా, కన్ను తేటగా, ఏట్లోంచి తీసినప్పుడు ఎలా ఉందో అలాగే. ఈగ కూడా ఆ దరిదాపులకి వచ్చేది కాదు. పక్కింటి మార్తమ్మ ఇడ్లీ పిండి పులవకుండా గిన్నె తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టి, తన పనిమీద తను పోయేది. చుట్టూ ఎవరేం మాట్లాడినా ఫిలోమినాకి వినపడేది. మాట మాత్రం పెగిలేది కాదు.

ఆ మాట మొదటిసారి ఆమె విన్నది పెళ్లికి ముందు. తండ్రి సెబాస్టియన్ వరద గోదావరిలో వేటకి వెళ్లి తిరిగి రాలేదు. గట్టు మీద ఎదురుచూస్తుంటే ఎవరో కేకేశారు, ఫిలోమినా, మీ నాన్న పడవొచ్చింది అని. ఆమె చెయ్యి ఊపుకుంటూ పరిగెత్తింది. పడవ వచ్చింది. నాన్న లేడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయి ఆమె అక్కడే బిగుసుకుపోయింది. అందరూ ఏడుస్తున్నారు. తెరేసా కూడా ఏడ్చింది. ఏడుస్తూనే, ఆ పిల్ల కాళ్ల దగ్గరున్న తన బుట్టలో చేప సాయంత్రమైనా మెత్తబడలేదని చూసుకుంది. ఆ ఏడే సంబంధం అడిగింది.

పెళ్లయ్యాక ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ దీన్ని కాటలెప్సీ అంటారంది. తెరేసాకి అందులో కాటా అన్న ముక్క ఒక్కటే అందింది. పుట్టి బుద్ధెరిగి చేపలు తూచే మనిషి చెవికి ఇంకేం అందుతుంది? మా కోడలిది కాటా జబ్బంటండీ అని ఊరంతా చెప్పింది. కాటా జబ్బు మనిషి కాటా పక్కనే ఉండడం మంచిదని లూయిస్ తూకం మిషను తెచ్చి స్టూలు పక్కన పెట్టాడు. చేపల వ్యాపారి దుర్గాప్రసాద్ కూడా అదే సబబన్నాడు. అతను రోజూ రేవు మొత్తం తిరిగి చివర్లో లూయిస్ పెరట్లోకి వచ్చేవాడు. ఎంత ఆలస్యమైనా అక్కడ సరుకు చెడదు, ఐసు అక్కర్లేదు. ఆలోగా ఫిలోమినాకి కదలిక వచ్చేలా ఉంటే లూయిస్ తల్లి గొంతు రికార్డు చేసిన ఫోను ఆమె చెవి దగ్గర పెట్టేవాడు.

ఫిలోమినాకి కడుపొచ్చింది. పులసల కాలంలో వచ్చిన కడుపు, మళ్లీ పులసల కాలం వచ్చి పోయి, ఇంకోసారి వచ్చినా ఏడో నెల దాటలేదు. ఆమెతోపాటే కడుపైన ఎదురింటి దుర్గాశ్రీకి కొడుకు పుట్టి, గోడ పట్టుకుని నడుస్తున్నాడు. ఊళ్లో దాన్ని గురించి ఎవరూ విడ్డూరంగా చెప్పుకోలేదు. సీజను మంచిగా ఉందిగా, అందుకే ఆలస్యం అనుకున్నారు.

డాక్టరమ్మ మాత్రం పొట్ట మీద చెయ్యి వేసి, పాత చీటీల్లో తేదీలు లెక్కపెట్టింది.

"నువ్వు ఆగినప్పుడల్లా లోపల బిడ్డా ఆగిపోతోందమ్మా. ఇంకో రెండు నెలలు ఆ మాట నీ చెవిన పడకూడదు. అప్పుడే కాన్పవుతుంది."

"పడితేనండీ?"

"ఎన్నాళ్లని ఆగుతుంది? అలిసిపోతుంది." మందుల చీటీ రాయబోయి, కడుపుతో ఉన్నవాళ్లకి అవి పనికిరావని పెన్ను మూసేసింది. "ఆ టైములో నువ్వు మైనం ముద్దలా ఉంటావు. ఎవరెలా వంచితే అలా. కాస్త నిన్ను నువ్వు చూసుకో."

ఫిలోమినా ఇంటికొచ్చి మొగుణ్ని అడిగింది. లూయిస్ కాదనలేదు. పులస అయిపోనీ అన్నాడు. పులస అయిపోయాక రొయ్య వచ్చింది. అత్తగారి కాళ్ల దగ్గర కూర్చుని అడిగింది. తెరేసా వల బాగుచేస్తూ తలెత్తకుండా చెప్పింది.

"బిడ్డెక్కడికి పోద్దే, లోపలేగా ఉంది. చేప ఆగుద్దా?"

ఆ ఆదివారం యానాం గుడిలో పూజ అయ్యాక ఫిలోమినా మరియమ్మ పాదాల దగ్గర కూర్చుండిపోయింది. కొవ్వొత్తులు కరిగి పళ్లెంలో మైనం పేరుకుని ఉంది. గోటితో గీకి చేతిలో నలిపింది. వేడికి మెత్తబడి ఎలా వత్తితే అలా వంగింది. రెండు ఉండలు చేసి రెండు చెవుల్లో కూరుకుంది. గుడి గంట ఊగడం కనపడింది.

మర్నాడు స్టూలు మీద కూర్చుంది. తెరేసా కొంగుతో మూతి తుడుచుకుంది. పెదాలు కదిలాయి. ఫిలోమినా తనంతట తనే బిగుసుకుంది. లూయిస్ ఆమె చెయ్యెత్తి గోనెపట్టా తగిలించాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఆ చెయ్యి నొప్పి పుట్టలేదు. ఇప్పుడు భుజంలోంచి మంట లేచి మెడదాకా పాకింది. ఈగ వచ్చి ముక్కు మీద వాలింది. కళ్లలో నీళ్లు ఊరుతున్నా రెప్ప వేయలేదు. కడుపులో బిడ్డ తన్నింది. స్టూలు మీద ఉండగా అది తన్నడం ఆమెకి తెలిసింది అదే మొదటిసారి.

మధ్యాహ్నానికి వాసన మొదలైంది. దుర్గాప్రసాద్ మొప్ప ఎత్తి చూసి, చేపని బుట్టలోకి విసిరేశాడు. వీధిలోకి వెళ్లాక అతనన్న మాట దుర్గాశ్రీ విని, మర్నాడు సైగలతో కలిపి ఫిలోమినాకి చెప్పింది.

"ఏరా లూయిసూ, మీ ఆవిడ గ్యారంటీ అయిపోయినట్టుందే."

లూయిస్ ఫోను సౌండు పెంచి చెవికి ఆనించాడు. తెరేసా ముందుకి వచ్చి అంది, వెనక నుంచి అంది. ఏం చేసినా బుట్టలో చేప కుళ్లింది. చివరికి ఐసు కొనడం మొదలుపెట్టారు. ఐసు పెట్టె వచ్చిన రోజు నుంచి ఫిలోమినా కంచంలోకి చేపముక్క రాలేదు. మార్తమ్మ పులిసిపోయిన పిండి ఎత్తుకుని మొహం తిప్పుకుని వెళ్లింది. చెవుడు కూడా వచ్చిందని ఊరు అనుకుంది. ఫిలోమినా కాదనలేదు. పొట్ట మాత్రం రోజురోజుకీ పెరిగింది.

ఆడపిల్ల పుట్టింది. పిల్ల బొడ్డు ఆరకముందే తెరేసా తెచ్చి చేపల కాటా మీద పెట్టి చూసింది. బాగానే తూగింది.

పురిటి మంచం మీద ఫిలోమినా బిడ్డ నోరు తెరవడం చూసింది. ఎర్రటి చిగుళ్లు, వణికే నాలుక. ఆగలేకపోయింది. కుడిచెవిలో మైనం గోటితో పెకలించి తీసింది. ఏడుపు వచ్చి చెవిలో పడింది. సన్నగా, కోపంగా, ఏటి మీద పిట్ట అరిచినట్టు. ఫిలోమినా నవ్వింది. ఉయ్యాల దగ్గర తెరేసా ఊపుతూ జోల పాడుతోంది.

"తాత పడవొచ్చింది... మీయమ్మ నాన్న పడవొచ్చింది..."

ఏడుపు సగంలో ఆగిపోయింది. మళ్లీ కదలిక వచ్చేసరికి ఎండ వాలింది. పాప నోరు అలా తెరిచే ఉంది, అప్పుడే మిగతా సగం ఏడుస్తోంది. ఆ సగం కూడా పూర్తిగా వినకుండా ఫిలోమినా తడుముకుని మైనం మళ్లీ చెవిలో కూరుకుంది. ఉయ్యాల కింద బుట్ట ఉంది. దుర్గాప్రసాద్ వంగి మొప్పలు చూస్తున్నాడు. ఎర్రగా ఉన్నాయి. లూయిస్ కాటా తుడుస్తున్నాడు.

ఆ వారం గుడికి వెళ్లి అన్నిటికన్నా లావు కొవ్వొత్తి కొనుక్కుంది. వెలిగించలేదు. ఇంటికి తెచ్చుకుంది.

ఇప్పుడు పాప పెరట్లో పరిగెడుతోంది. ఫిలోమినాకి ఆ అడుగుల చప్పుడు తెలియదు. ఐసు కరిగి, మిగిలిన చేప కుళ్లు వాసన కొడితే ఊరు ముక్కు మూసుకుంటుంది. ఆమె మాత్రం గుండెల నిండా పీల్చుకుంటుంది. చేప కుళ్లుతోందంటే బిడ్డ పెరుగుతోందని లెక్క. గౌను మోకాళ్ల పైకి వచ్చింది. పై పళ్లు మొలిచాయి.

తెరేసా పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని రోజంతా ఏదో నేర్పిస్తూ ఉంటుంది. ఒకరోజు పాప ఆ ఒళ్లోంచి దిగి, పరుగున వచ్చి తల్లి మోకాళ్లు పట్టుకుంది. తలెత్తి మొదటి మాట అంది. పెదాలు కలిసి విడిపోయాయి. అమ్మ అందో, పడవ అందో. రెండిటికీ పెదాలు అలాగే కలుస్తాయి. తెరేసా వాకిట్లో నిలబడి చూస్తోంది. లూయిస్ బుట్ట దించకుండా చూస్తున్నాడు.

ఫిలోమినా చెయ్యి చెవిదాకా వెళ్లింది. అక్కడే కాసేపు ఆగి, కిందికి దిగింది.

అమ్మ అనే అంది అనుకుని, పిల్లని ఎత్తుకుంది. నిన్నటికన్నా బరువుగా ఉంది.