కోసేసిన పేరు

సౌదీలోని జుబైల్ లేబర్ క్యాంపులో నాగేందర్‌ను అందరూ ర్యాపర్ అనే పిలిచేవారు. చేసేది పైపు ఫిట్టర్ పని. సెలవు దొరికితే ఫోనులో పాటలు కట్టేవాడు. తాను పడిచచ్చే అమెరికా నల్లజాతి ర్యాపర్లు చిన్నప్పుడు చర్చిలో విన్న భక్తిపాటల నుంచీ, పాత సోల్ సంగీతం గాయకుల రికార్డుల నుంచీ ఒక గొంతు ముక్క తీసుకుని దాని మీద తమ మాట నిలబెడతారని తెలుసుకున్నాడు. తనకూ అలాంటి గొంతు కావాలనుకున్నాడు.

అది పక్క మంచం మీదే దొరికింది. తాను కాకా అని పిలిచే భోజన్న శుక్రవారం పొద్దున మెల్లగా భజన పాడుకునేవాడు. ఊళ్లో భార్య ముత్యవ్వ పోయినప్పుడు ఊరికి వెళ్లి తిరిగి రావడానికి కావాల్సిన రీ-ఎంట్రీ కాగితం వేళకు రాక ఆయన వెళ్లలేకపోయాడు. పదకొండో రోజు గోడవైపు తిరిగి కూర్చుని పాడాడు. మధ్యలో ఆమెను పేరు పెట్టి పిలిచాడు; గొంతు పగిలింది. నాగేందర్ దుప్పటి కింద ఫోను పెట్టి అదంతా రికార్డు చేశాడు.

ఆ గొంతును బీటు కింద వేసి, పైన తన గొప్పలు చెప్పుకున్నాడు. ముత్యవ్వ పేరు తాళంలో ఇమడలేదు. కోసేశాడు.

నెట్‌లో పెట్టాక వారం తిరక్కుండా పాట క్యాంపులన్నీ తిరిగింది. మెస్సులో కొందరు ఆ ఏడుపు గొంతును అనుకరించి నవ్వారు. నాగేందర్ కూడా నవ్వాడు. వెనక ప్లేటు పట్టుకుని భోజన్న నిలబడి ఉన్నాడని తర్వాత చూశాడు.

గదిలో తిడతాడనుకున్నాడు.

"అడిగితే మంచిగ పాడేటోన్ని గద బిడ్డా," అన్నాడు భోజన్న. "ఆ దినం గొంతు పలుకలే." మంచం మీద కూర్చుంటూ, "అండ్ల మీ చిన్నమ్మ పేరుండె. ఏడ వోయింది?" అని అడిగాడు.

నాగేందర్ పాట తీసేశాడు కానీ, అప్పటికే అది అందరి ఫోన్లలో ఉంది.

మర్నాడు పనికి వెళ్లే బస్సులో ఎవరో మళ్లీ పెట్టారు. నవ్వులు మొదలయ్యాయి. నాగేందర్ లేచి నిలబడ్డాడు. ఆ గొంతు భోజన్న కాకదనీ, భార్య పోయిన పదకొండో రోజు పాడిందనీ, తాను దొంగచాటుగా తీసుకున్నాననీ చెప్పాడు. ఆమె పేరు ముత్యవ్వ అనీ, దాన్ని కోసింది తానేననీ చెప్పాడు.

పాట ఆగింది. చెబితే బరువు దిగుతుందనుకున్నాడు. దిగలేదు. ఆయన దుఃఖాన్ని నలభై మంది ముందు మరోసారి పరిచానే అనిపించి తల ఎత్తలేకపోయాడు.

కిటికీ పక్కన కూర్చున్న భోజన్న బయటికే చూస్తూ, పక్క సీటు మీది టిఫిన్ డబ్బా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"కూసో," అన్నాడు.

నాగేందర్ కూర్చున్నాడు. ఆ శుక్రవారం భోజన్న పాడలేదు. ఆ తర్వాతి శుక్రవారం కూడా.