రెండు తోకల బాణం

ఆ కార్తీకంలో కంటోన్మెంటు తెలుగువాళ్ల వనభోజనాలు జరిపించే పని లీలావతి నెత్తిన పడింది. ఆవిడ ఢిల్లీ వచ్చి ఏడాది కూడా కాలేదు. ఇది గనక తప్పిపోతే "కొత్తది, దానివల్ల ఏమవుతుంది" అనే మాట, భర్తకు మళ్లీ బదిలీ అయ్యేదాకా, తన వెంటే తిరుగుతుందని ఆవిడకు తెలుసు. ఆదివారం దగ్గరకొస్తోంది. రానని ఎవరూ అనలేదు. వస్తానని కూడా ఎవరూ అనలేదు.

ముగ్గురు కదిలితే తక్కిన ఇళ్లన్నీ కదులుతాయి. ఆ ముగ్గురే కదలడం లేదు. "హనుమాయమ్మ పిన్నిగారు వస్తే నేనూ వస్తా" అంది రాజేశ్వరమ్మ. ఆవిడతో మాటల్లేని కమలాకుమారి, "రాజేశ్వరమ్మ వస్తే నేను తప్పకుండా వస్తా. లేకపోతే జడిసి ఇంట్లో కూర్చున్నానంటుంది" అంది. అందరికంటే పెద్దావిడ హనుమాయమ్మ మాత్రం, "వాళ్లిద్దరూ వస్తేనే వస్తానమ్మా. ఒక్కతే వస్తే నేను దాని పక్షమని రెండోది మూతి ముడుస్తుంది" అంది.

లీలావతి ఒక చిన్న అబద్ధానికి తెగించి హనుమాయమ్మ దగ్గరకు వెళ్లింది.

"రాజేశ్వరమ్మగారు వస్తున్నారండీ."

"అచ్ఛా. మరి కమల?"

లీలావతి దగ్గర రెండో అబద్ధం సిద్ధంగా లేదు. ఇంటికి వచ్చేసింది.

ఇంట్లో భోజనాల బల్ల నిండా కాగితాలు. ఆవిడ భర్త కెప్టెన్ బసవరాజును సైన్యం కంప్యూటర్లు చదువుకుని రమ్మని కాలేజీకి పంపింది. సోమవారం క్లాసులో తోటివాళ్లకు ఆయనే ఒక పాఠం చెప్పాలి. కంచాలు పెడదామని కాగితాలు జరుపుతుంటే ఒక బొమ్మ కంటబడింది.

"ఇదేమిటండీ, బాణానికి రెండు తోకలూ ఒక తలా?"

"డైరెక్టెడ్ హైపర్‌గ్రాఫ్ అంటారు. మామూలు బాణం ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోతుంది. ఇది తోకలన్నీ కూడితేగాని కదలదు. రోల్ నంబరొక్కటే ఇస్తే కంప్యూటరు మార్కు చెప్పలేదు, సబ్జెక్టొక్కటే ఇచ్చినా చెప్పలేదు. రెండూ ఇవ్వాలి."

"రెండు మామూలు బాణాలు గీస్తే పోదా?"

"అప్పుడు ఏ ఒక్కటిచ్చినా చాలని అర్థం. మా క్లాసులో ఒక్కడికీ ఈ తేడా ఎక్కడం లేదు."

"హనుమాయమ్మగారిని తీసుకెళ్లి నిలబెట్టండి. వెంటనే ఎక్కుతుంది" అని లీలావతి తన గోడంతా చెప్పుకుంది.

బసవరాజు అన్నం మాట మరిచి ముగ్గురి పేర్లూ రాసి బాణాలు గీశాడు. "ఒక్క అబద్ధం చాలు లీలా. నువ్వు తప్పు గుమ్మం తట్టావు. హనుమాయమ్మగారి బాణానికి రెండు తోకలు. రాజేశ్వరమ్మగారి బాణానికి ఒకటే. పిన్నిగారు వస్తున్నారని ఆవిడతో అను. ఆవిడ కదిలితే కమల కదులుతుంది, ఇద్దరూ కదిలితే పిన్నిగారు కదులుతారు. నీ అబద్ధం నిజమై కూర్చుంటుంది."

"కార్తీకంలో అబద్ధమా?"

"ఇందాక ఆడిందేమిటి?"

"అది పనిచెయ్యలేదుగా."

మర్నాడు లీలావతి ఆ మాట అనగానే రాజేశ్వరమ్మ ఒప్పుకుంది. అంతటితో ఆగక, సరుకులకు మిలిటరీ కాంటీన్‌కి తోడు రమ్మని లీలావతిని లాక్కుపోయింది. కమలాకుమారికి ఇంకా కబురే అందలేదు, కాంటీన్ వరసలో ముందు నిలబడి ఉన్నది హనుమాయమ్మ.

"పిన్నిగారూ, వనభోజనాలకు వస్తున్నారటగా. అయితే నేనూ తయారే" అంది రాజేశ్వరమ్మ.

హనుమాయమ్మ నెమ్మదిగా లీలావతి వైపు తిరిగింది. లీలావతి అరల్లోని టీ పొట్లాలు చూడసాగింది.

"నేను వస్తున్నానా?" అంది పెద్దావిడ. సంచీ చెయ్యి మార్చుకుని, "మరి కమల?" అంది.

"నేనొస్తున్నానని తెలిశాక అది ఇంట్లో ఆగుతుందా? నాకంటే ముందే బస్సెక్కి కూర్చుంటుంది."

హనుమాయమ్మ ఆ మాటను తిరగేసి బోర్లేసి చూసుకుంది. అందులో అబద్ధం కనబడలేదు. "అయితే వస్తున్నట్టే ఉన్నాను" అంది.

బయటికొచ్చాక మాత్రం లీలావతి మోచెయ్యి పట్టుకుంది. "బొంకావు కదే."

"అప్పటికి బొంకే పిన్నిగారూ. ఇప్పుడు కాదు."

"ఠీక్ హై. బస్సంతటికీ పులిహోర నువ్వే కలుపు. చింతపండు పిసికితే ఆ పాపం వదులుతుంది."

లీలావతి బేరమాడకుండా ఒప్పుకుని కమలాకుమారి ఇంటికి నడిచింది. తలుపు తట్టింది. చెప్పబోయేది పూర్తిగా నిజం.

"రాజేశ్వరమ్మగారు వస్తున్నారు."

"నాకు తెలుసు, వస్తుంది" అంది కమలాకుమారి. "ఏ చీర కడుతోందో కూడా కనుక్కుని రాకపోయావా?"